సాలూరు సర్టిఫికెట్టు

రాజాబాబు స్కూటరు మా గట్టు పక్కన ఆగేసరికి నేను బీరపాదుకు పందిరి వేస్తున్నాను. తొంభై ఆరు, ఫిబ్రవరి నెల. రాజాబాబు స్థలాల బ్రోకరు. వాళ్ల నాన్న బొబ్బిలి నుంచి వచ్చి భిలాయి ప్లాంటులో చేరాడు. కొడుక్కి ప్లాంటులో పని దొరకలేదు. ఒకరి భూమి ఇంకొకరికి చూపిస్తూ బతుకుతున్నాడు.

"ఏటి మావా, ఒక్కడివే పందిరేత్తన్నావు. నన్ను పిలిస్తే రానేటి?"

"నిన్ను పిలిస్తే పందిరి కూడా అమ్మేస్తావు."

నవ్వాడు. సిగ్గులేని మనిషికి నవ్వు తొందరగా వస్తుంది. బావి గట్టు మీద కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"కంపెనీ వొచ్చింది మావా. సిమెంటు కంపెనీ. మనోలది కాదు, ఇదేశం వోలది. ఇటుపక్క రాయి ఎంతుందో సూసుకుని ఎల్లినారు."

నాకు తెలుసు. జనవరిలో టోపీలు పెట్టుకున్న ముగ్గురు మనుషులు పొలాల్లో తిరిగారు. వాళ్లలో ఒకడు తెల్లవాడు. మా గట్టు మీద రాయి ఒకటి తీసి, విరగ్గొట్టి, నాలుకతో తడిపి చూశాడు. నేను ముప్పై ఏళ్లు భిలాయి ప్లాంటు వాళ్ల నందిని గనుల్లో డ్రిల్లు పట్టుకున్నవాణ్ణి. నన్ను అడిగితే నాలుక ఖర్చు లేకుండా చెప్పేవాణ్ణి. ఇక్కడ నాలుగు అడుగుల మట్టి, దాని కింద అంతా సున్నపురాయి.

"సుట్టూ గోండులవి పొలాలు," అన్నాడు రాజాబాబు. "ఆదివాసీ భూమి బైటోడు కొనలేడు. కలెక్టరు పర్మిషనుండాల. అది ఎప్పటికొచ్చేను? నడుమన నీ ఎకరంన్నర ఒక్కటే గోండుది కాదు. ముందు నీది కొనుక్కుని అక్కడ మొదలెడతారు. మిగతాది నిదానంగా సూసుకుంటారు."

"నేనూ ఆదివాసీనే. నాదీ కొనలేరు."

"నువ్వా?"

"కొండదొరని. సాలూరు తాసిల్దారు సంతకంతో సర్టిఫికెట్టు ఉంది."

రాజాబాబు ఈసారి నవ్వలేదు. జాలిపడ్డట్టు చూశాడు. అది నవ్వు కన్నా అసహ్యంగా ఉంది.

"అది ఆంధ్రాలో మావా. ఇక్కడ నువ్వు మదరాసీవి. మనం అందరం మదరాసీలమే."

పందిరి గుంజ ఒకటి నా చేతిలోనే ఉంది. ఎందుకో అతను తొందరగా లేచి స్కూటరు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ ఎకరంన్నర నేను ఎనభై నాలుగులో కొన్నాను. అమ్మినవాడు బిసాహు ధ్రువ్, గోండు, గనిలో నా పక్కన లోడింగు చేసేవాడు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అందరూ సుపేలాలోనో రిసాలీలోనో గజాల లెక్కన స్థలాలు కొనుక్కున్నారు. నాకు గజాల మీద బతకడం చేతకాదు. మట్టి కావాలి. గనులకు మూడు మైళ్ల దూరంలో బిసాహు ఊళ్లో భూమి ఉందంటే వెళ్లి చూశాను.

మన తెలుగువాళ్లందరూ వద్దన్నారు. ఆదివాసీ భూమి, మనకు చెల్లదు అన్నారు. మీకు చెల్లదు, నాకు చెల్లుతుంది అన్నాను. ఆ మాట అనడంలో నాకు కొంచెం గర్వం కూడా ఉంది. వాళ్లందరూ కింద మైదానం నుంచి వచ్చినవాళ్లు. కాలనీలో ఇరవై ఏళ్లుగా నన్ను కొండోడు అన్నవాళ్లు. ఆ కొండోడికే ఇక్కడ భూమి కొనే హక్కు ఉంది, వాళ్లకు లేదు.

నేను చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతి. కొండదొర ఎక్కడికి పోయినా కొండదొరే అనుకున్నాను. రైలెక్కి రాయపూర్ దాటగానే మనిషి పుట్టుక మారిపోతుందని ఆ బడిలో ఎవరూ చెప్పలేదు. ప్లాంటు నన్ను ఆ సర్టిఫికెట్టు చూసే తీసుకుంది. ప్రమోషను కూడా ఆ కోటాలోనే ఇచ్చింది. రిజిస్ట్రీకి వెళ్లినప్పుడు అదే కాగితం పెట్టాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

"నువ్వూ మాలాంటోడివేనా?" అని బిసాహు అడిగాడు.

"మీలాంటోణ్ణే," అన్నాను. అతను వేలిముద్ర వేశాడు.

నా భార్య గున్నమ్మకు ఈ ఊరు నాకన్నా బాగా నచ్చింది. క్వార్టరు నుంచి రోజూ పొలానికి వచ్చేది. బిసాహు పెళ్లాం ఫిరంతిన్‌తో ఆమెకు స్నేహం కుదిరింది. ఇక్కడి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. శ్రావణంలో బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. వాటిని భోజలి అంటారు. నిమజ్జనం రోజు ఇద్దరు ఆడవాళ్లు ఆ మొలకలు ఒకరి చెవిలో ఒకరు పెట్టుకుంటే జన్మంతా తోబుట్టువులు. ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. భోజలి అనే పిలవాలి. ఎదురుపడితే "సీతారామ్ భోజలి" అనాలి. మూడో మనిషి దగ్గర కూడా పేరు ఎత్తకూడదు. గున్నమ్మ ఇంట్లో నా దగ్గర కూడా ఫిరంతిన్ పేరు అనేది కాదు. "మా భోజలి కోడళ్లకి చెప్పింది", "మా భోజలి ఉలవలిచ్చింది." నాకు విసుగొచ్చేది.

తొంభై ఒకటిలో గున్నమ్మకు జ్వరం వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి. నేను డ్యూటీలో ఉండగా ఫిరంతిన్ ఆమెను బండి కట్టించి ఎక్కడో వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. వేర్ల పసరు, మెడలో తాయెత్తు. రెండు రోజులు అక్కడే ఉంచింది. నేను వెళ్లి తీసుకొచ్చి ప్లాంటు వాళ్ల సెక్టార్ తొమ్మిది ఆసుపత్రిలో చేర్చేసరికి డాక్టరు రెండు రోజుల ముందు తేవలసింది అన్నాడు. నాలుగో రోజు పోయింది.

మా కొండల్లో పాతిపెడతాం. శవాన్ని ఈ భూమికే తెచ్చాను. తవ్వుతుంటే నాలుగు అడుగుల దగ్గర గునపం ఖంగుమంది. రాయి. అందరూ చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. శానం, సుత్తి తీసుకుని దిగాను. ఇంకో రెండు అడుగులు రాతిలో కొట్టాను. ముప్పై ఏళ్లలో నేను తొలిచిన రాయికి లెక్క లేదు. నా ఇంటి అవసరానికి తొలిచింది అదొక్కటే.

ఆ సాయంత్రమే ఫిరంతిన్‌తో చెప్పాను, నా భూమిలో కాలు పెట్టొద్దని. బిసాహు అప్పటికే పోయాడు. అడ్డం చెప్పేవాళ్లు లేరు. ఆమె వెనక్కి తిరిగి గట్టు దిగి వెళ్లిపోయింది. అయిదేళ్లు గట్టు దాటలేదు. తొంభై మూడులో రిటైరై నేను ఇక్కడ రెండు గదులు వేసుకున్నాను. మా రెండిళ్ల మధ్య దూరం కేక వేస్తే వినపడేంత. ఒక్కసారీ ఎవరం కేక వెయ్యలేదు.

రాజాబాబు వచ్చి వెళ్లాక మొదటి ఆదివారమే నా కూతురు రజనీకుమారి వచ్చింది. భిలాయి సెక్టార్ రెండులో ఉంటుంది. అల్లుడు సురేశ్ రోలింగ్ మిల్లులో పని చేస్తాడు. ఆదివారం రావడం దానికి అలవాటు లేదు. రాజాబాబు ముందు అక్కడికే వెళ్లాడని అర్థమైంది.

"పాపా, ఇచ్చేయ్ నా," అంది. దానికి తెలుగు సగమే వచ్చు. "ఒక్కడివి ఈ జంగల్‌లో ఏటి సేత్తావు? రేపు నీకేదైనా అయితే మాకు ఖబర్ కూడా రాదు."

"మీ అమ్మ?"

"అమ్మని వేరే చోటికి మార్చొచ్చట. కంపెనీ వాళ్లే చేయిస్తారట."

"మార్చడానికి అదేమన్నా బీరువానా?"

"సురేశ్ కూడా అదే అంటన్నాడు, పాపా. ప్రాక్టికల్‌గా ఆలోచించు."

"సురేశ్ తన తల్లి గుంట గురించి ఆలోచించుకోమను."

"మా అత్తగారు బతికే ఉంది."

"అయితే ఇంకేం."

ఏడ్చుకుంటూ మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. టిఫిను డబ్బా మరిచిపోయింది. మళ్లీ రాలేదు. నేనూ తిరిగి ఇవ్వలేదు.

వాళ్లకు తెలియనిది నాకు తెలుసు. కంపెనీ ఏం చేస్తుందో నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు. ముందు మట్టి తీసేస్తారు. తర్వాత రాయిలో మెట్లలా బెంచీలు కడతారు. వరసగా రంధ్రాలు కొట్టి పేలుడు మందు కూరతారు. మధ్యాహ్నం రెండు గంటలకు సైరను. దుమ్ము తగ్గాక లోడరు. మార్చడం అనేది కాగితం మీద రాసే మాట. నేను ఎన్నో రాశులు ఎత్తించాను. వాటిలో ఏమేం ఉండేవో ఏ ఒక్కరోజూ వంగి చూడలేదు.

కాబట్టి జిల్లా కచేరీకి దుర్గ్ వెళ్లాను. ఎవరినీ అడగలేదు. అడిగితే ఆపేవారేమో. కచేరీ ఆవరణలో టైపు మిషను పెట్టుకున్న మనిషితో అర్జీ కొట్టించాను. నేను ఆదివాసీని, నా భూమి కాగితాల్లో ఆ మాట ఎక్కించండి, నా భూమి ఏ కంపెనీ కొనకుండా చూడండి. సాలూరు సర్టిఫికెట్టు నకలు, రిజిస్ట్రీ నకలు కుట్టి ఎస్‌డీఎం కోర్టులో, అంటే మన ఆర్డీవో ఆఫీసు లాంటి చోట, ఇచ్చాను. రసీదు తీసుకున్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ రోజు మనసు నిదానంగా ఉంది.

ఏప్రిల్లో నోటీసు వచ్చింది. హిందీలో ఉంది. నిదానంగా కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. అర్జీదారు ఈ రాష్ట్రపు ఆదివాసీ కాదు. ఆదివాసీ బిసాహు నుంచి కలెక్టరు అనుమతి లేకుండా భూమి కొన్నాడు. ఆ భూమిని అమ్మినవాడి వారసులకు ఎందుకు తిరిగి ఇప్పించకూడదో హాజరై చెప్పుకోవాలి.

పన్నెండేళ్లు ఎవరూ అడగలేదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. నేనే బస్సెక్కి వెళ్లి, నా చేత్తో నేనే ఇచ్చి వచ్చాను.

దుర్గ్‌లో గురునాథరావు అనే తెలుగు వకీలు ఉన్నాడు. విశాఖ మనిషి, పెద్దమనిషి. నా కాగితాలు చదివి కళ్లజోడు తీశాడు.

"ఈ అర్జీ ఇచ్చేముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది, అప్పలకొండ గారూ."

"ఇప్పుడు అడుగుతున్నాను కదా."

"ఎవరు ఆదివాసీలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే జాబితా. ఆంధ్రా జాబితాలో కొండదొర ఉంది. మధ్యప్రదేశ్ జాబితాలో లేదు. ఇక్కడి చట్టానికి మీరు బైటి మనిషి."

"ప్లాంటు నన్ను ఆదివాసీగానే తీసుకుంది."

"ప్లాంటు కేంద్రానిది. భూమి రాష్ట్రానిది."

"మనిషిని నేనొక్కణ్ణే కదండీ."

ఆయన టీ తెప్పించాడు. నేను తాగలేదు.

రెండు దారులు ఉన్నాయన్నాడు. ఒకటి, నేను ఆదివాసీని కానని రాసిచ్చి, తెలియక కొన్నానని చెప్పి, పాత అమ్మకానికి ఇప్పుడు అనుమతి అడగడం. కంపెనీకి ఈ భూమి కావాలి కాబట్టి వాళ్ల పెద్ద వకీళ్లు వచ్చి నిలబడతారు. గెలవచ్చు. కాని వాళ్లు ఊరికే రారు. భూమి వాళ్లకే అమ్ముతానని ముందు సంతకం పెట్టాలి. రాజాబాబు ఆ కాగితం అప్పటికే గురునాథరావు చేతికి ఇచ్చి వెళ్లాడు.

రెండోది, ఏమీ అడ్డం చెప్పకుండా ఊరుకోవడం. అప్పుడు భూమి ఫిరంతిన్‌కి పోతుంది.

"వాళ్ల చేతికి పోతే కంపెనీ కొనగలదా?" అని అడిగాను.

"వాళ్లు గోండులు. వాళ్లు అమ్మాలనుకున్నా కలెక్టరు అనుమతి కావాలి. తేలికగా రాదు. ఆ చట్టం బైటివాళ్లను ఆపడానికే పెట్టారు. మిమ్మల్ని ఆపింది. వాళ్లనూ ఆపుతుంది." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని అన్నాడు: "కాని ఆ ఇంటివాళ్లు సమాధి మీద నాగలి పెడితే ఆపే చట్టం లేదు. అది కూడా చెప్పాలి మీకు."

బైటికి వచ్చాక మా నాన్న గుర్తొచ్చాడు. మా కొండల్లో ఇలాంటి చట్టమే డెబ్భైలో వచ్చింది. కింద నుంచి వచ్చిన షావుకారు ఒకాయన మా రెండెకరాలు ఎప్పుడో రాయించుకుని ఇరవై ఏళ్లు సాగు చేశాడు. ఆఫీసరు వచ్చి ఆ భూమి మాకు ఇప్పించాడు. నేను అప్పుడు సెలవు మీద ఊళ్లో ఉన్నాను. షావుకారు తాను నాటిన మామిడి చెట్లను ఒక్కొక్కదాన్నీ తడిమి చూసి వెళ్లాడు. మా నాన్న చేతులు కట్టుకుని చూశాడు. నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. ఆ షావుకారు పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు.

విచారణ మే నెలలో పడింది. దానికి వారం ముందు రాజాబాబు స్కూటరు వెనక ఫిరంతిన్ కొడుకు సుకాలు కూర్చుని పోవడం చూశాను. కంపెనీ అటు వైపు కూడా అడుగుతోందన్నమాట. కొడుకు అమ్ముదామంటే తల్లి ఎంతవరకు ఆపుతుంది? ఆమె మీద నాకు నమ్మకం లేదు. గున్నమ్మ ఆమెను నమ్మి వెళితే ఏం జరిగిందో చూశాను. ఇటు చూస్తే కంపెనీ. ఆ పని ఏ నెలలో మొదలై ఏ నెలలో మా గుంట దాకా వస్తుందో కూడా లెక్క వెయ్యగలను. విచారణకు వెళ్లే రోజు వకీలు ఇచ్చిన కంపెనీ కాగితం జేబులో పెట్టుకున్నాను. సంతకం పెట్టలేదు. చింపలేదు.

కోర్టు గది చిన్నది. ఎస్‌డీఎం బైటి ప్రాంతం నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు. మంచివాడిలాగే ఉన్నాడు. ఫిరంతిన్ తల మీద కొంగు కప్పుకుని గోడ పక్కన నిలబడింది. ముసలిదైపోయింది. అయిదేళ్లలో నేను ఆమెను ఇంత దగ్గరగా చూడలేదు. సుకాలు పక్కన ఉన్నాడు. రాజాబాబు కిటికీ బైట నిలబడి నాకు కళ్లతో సైగ చేస్తున్నాడు.

ఆఫీసరు పట్వారీని అడిగాడు, భూమిలో ఏమేం ఉన్నాయని.

"రెండు గదుల ఇల్లు, బావి, ఒక సమాధి, సాబ్."

"సమాధి ఎవరిది?"

పట్వారీ కాగితాలు తిరగేస్తుంటే ఫిరంతిన్ జవాబు చెప్పింది. "మోర్ భోజలి కే." నా భోజలిది అని.

"పేరు?"

ఆమె కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుంది.

"పేరు చెప్పు బాయీ," అన్నాడు గుమాస్తా. "రాసుకోవాలి."

నేల చూసింది. గుమాస్తా మళ్లీ అడిగాడు. సుకాలు తల్లి మోచేయి పట్టి కదిపాడు. "చెప్పెయ్ దాయీ, పేరే కదా." ఆమె చెయ్యి విదిలించుకుంది. ఆఫీసరుకు విసుగొచ్చింది. చచ్చిపోయిన మనిషి ఎవరో తెలియకుండానే నాది అంటున్నావా అన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మాత్రం తెరవలేదు.

తలుపు దగ్గరున్న ముసలి చప్రాసీ అందుకున్నాడు. "భోజలి పేరు నోటితో అనకూడదు, సాబ్. మా దగ్గర అంతే. ఆమె చెప్పదు."

"మరి ఎవరు చెబుతారు?"

అందరూ నా వైపు చూశారు.

"గున్నమ్మ," అన్నాను.

అయిదేళ్లుగా ఆ పేరు పైకి అనలేదు. అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. గుమాస్తా గునమా అని రాసుకున్నాడు. దిద్దించలేదు.

"మీరు ఆదివాసీని కానని ఒప్పుకుని అనుమతి అడుగుతారా?" అని ఆఫీసరు నన్ను అడిగాడు. "వకీలు సాబ్ అలాంటి అర్జీ ఏదో ఉందన్నారు."

జేబులో కాగితం ఉంది. గురునాథరావు నా చెయ్యి వైపు చూస్తున్నాడు.

"అడగను," అన్నాను. "భూమి వాళ్లకు ఇచ్చేయండి."

"ఇల్లు మీరు కట్టుకున్నది కదా?"

"ఆ మట్టితో కట్టిందే. అదీ వాళ్లదే."

"మీరు ఆలోచించుకోవచ్చు. వాయిదా ఇస్తాను."

"వద్దండీ."

నేను ఫిరంతిన్‌ను క్షమించి ఆ పని చెయ్యలేదు. క్షమించలేదు. కిటికీ బైట ఉన్నవాడు ఎంత ఆశపెట్టినా లొంగని మనిషి ఎవరైనా ఉన్నారా అని నెల రోజులుగా వెతుకుతున్నాను. ఆఫీసరు అడిగాడు, కొడుకు అడిగాడు. చెబితే పని తొందరగా అయ్యేది. ఆమె పట్టుకున్న మాట వదల్లేదు. నాకు కావలసింది అంతవరకే. అంతకన్నా ఆమె మంచితనంతో నాకు పని లేదు.

ఆర్డరు రాశారు. నెలాఖరులోగా ఖాళీ చేసి భూమి అప్పగించాలి. సంతకం పెట్టి బైటికి వచ్చాను. రాజాబాబు వరండాలో పట్టుకున్నాడు.

"ఏటి మావా నువ్వు సేసింది? నాను ఎంత తిరిగినాను నీ కోసరం! సేతికొచ్చినది గోండులకి ఒగ్గేసినావు!"

"నేనూ ఆదివాసీనే అని చెప్పాను కదరా. నువ్వే నమ్మలేదు."

"నీకు మతి పోనాది."

"పోతే పోయింది. దానికి మాత్రం కొనేవాణ్ణి చూడకు."

కంపెనీ కాగితం తీసి అతని చొక్కా జేబులో పెట్టి మెట్లు దిగాను.

గేటు దగ్గర వేపచెట్టు కింద ఫిరంతిన్ నిలబడి ఉంది. సుకాలు నీళ్లకు వెళ్లినట్టున్నాడు. నేను పక్కనుంచి పోబోతుంటే "భాటో" అంది. ఇక్కడ అక్క మొగుణ్ణి అలా పిలుస్తారు. ఆగాను.

"ఇంట్లోనే ఉండు," అంది. "నేను వెళ్లగొట్టలేదు. కాగితం వెళ్లగొట్టింది."

"నీ దయ మీద ఉండను."

"దయ ఎవరిక్కావాలి. ఇల్లు పాడుబడుతుంది."

"పాడుబడనీ." నేను అడగదలుచుకున్నది అన్నాను. "గుంట చుట్టూ పది అడుగులు నాగలి పెట్టనియ్యకు."

ఆమెకు కోపం వచ్చింది. ఆ కొంగు కింద అంత కోపం ఉంటుందని నేను అనుకోలేదు.

"నువ్వు చెప్పాలా నాకు? నువ్వా?" అంది. "ఆ రోజు నా అంతట నేను ఆమెను తీసుకెళ్లలేదు. ఆమే బండి కట్టించమంది. వారం రోజులు జ్వరమని నీకు చెప్పింది. ఆసుపత్రికి తీసుకెళ్లమంది. డ్యూటీ, డ్యూటీ అన్నావు. ఇంకో ఆయన సెలవు మీద వెళితే ఆయన డ్యూటీ కూడా నువ్వే చేశావు. నీళ్లు తాగినా కక్కుకుంటోంది. నేనేం చెయ్యను? నాకు తెలిసిన వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. నాకు సెక్టార్ తొమ్మిది తెలుసా? నాకు లోపలికి వెళ్లే కార్డు ఉందా? కార్డు నీ జేబులో ఉంది."

చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు.

అది నాకు కొత్త సంగతి కాదు. వారం రోజులు చెప్పింది నిజమే. నాలుగో రోజు చెప్పినప్పుడు నేను బూటు లేసు కట్టుకుంటున్నాను. తల ఎత్తకుండా "ఆదివారం చూద్దాం" అన్నాను. అయిదేళ్లుగా రోజూ ఆ లేసు కట్టుకుంటూనే ఉన్నాను. ఈ సంగతి తెలిసిన మనిషి నేను కాక ఇంకొక్కతే ఉంది. అందుకే ఆమెను గట్టు ఎక్కనివ్వలేదు.

"పది అడుగులు," అన్నాను మళ్లీ.

"హవ్," అంది. సరే అని. కొంగు సర్దుకుని మొహం అటు తిప్పుకుంది.

నందిని వైపు పోయే బస్సు అదొక్కటే. ముగ్గురం అందులోనే ఎక్కాం. వాళ్లు ముందు కూర్చున్నారు. నేను చివర కూర్చున్నాను. ఎండకు రేకు కాలిపోతోంది. కండక్టరు టిక్కెట్టు చింపుతూ ఎండ మండిపోతోంది కదా చాచా అన్నాడు. అవునన్నాను. ఊరి దారి దగ్గర ముగ్గురం దిగాం. వాళ్లు ముందు నడిచారు. నేను బీడీ వెలిగించి, వాళ్లు ఇరవై ముప్పై అడుగులు సాగేదాకా ఆగి, వెనక నడిచాను. మట్టి బాటలో వాళ్ల చెప్పుల గుర్తుల మీద నా చెప్పుల గుర్తులు పడుతున్నాయి.

బాట చీలే చోట సుకాలు ఇంటి వైపు తిరిగాడు. ఫిరంతిన్ తిరగలేదు. నేను గట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె గట్టు దాటేసింది. నన్ను అడగలేదు. అడగవలసిన పని ఇక లేదు. తిన్నగా వెళ్లి గుంట తలవైపు కూర్చుంది. చెప్పులు పక్కన విడిచింది. "సీతారామ్ భోజలి" అంది. మామూలు గొంతుతోనే అంది, పెరట్లో ఉన్న మనిషిని పలకరించినట్టు.

ఆ తర్వాత చాలా మాటలు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి పెళ్లయింది, ఎవరికి బిడ్డ పుట్టింది, ఏ కోడలు ఏ మాట అంది, అయిదేళ్ల సంగతులు. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. నేను రోజూ అక్కడే కూర్చునేవాణ్ణి. ఒక్కరోజూ ఒక్క మాట చెప్పలేదు. ఏం చెప్పాలో తెలిసేది కాదు.

తాళం తీసి లోపలికి వెళ్లాను. నెలాఖరు దాకా పదకొండు రోజులు ఉన్నాయి. తలుపు దగ్గరగా వేసుకుని, ఆమె మాటలు వినపడుతున్నంతసేపూ పీట మీద కూర్చున్నాను.